బొంతలతో మూసిన తూములు

ఉదయం ఆరూ నలభైకి కాలువ తల దగ్గర గేజి మీద నీటి ఎత్తు తొంభై రెండు సెంటీమీటర్లు. అంటే అరవై క్యూసెక్కుల ప్రవాహం. ఎనిమిదీ పదికి ఏడో కిలోమీటరు దగ్గర ముప్ఫై ఒక్క సెంటీమీటర్లు. తొమ్మిది గంటలకు పదమూడో కిలోమీటరు దగ్గర నాలుగు. తొమ్మిదీ నలభైకి, పదిహేడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్ల పొడవున్న ఆ కాలువ చివరి తూము దగ్గరికి చేరుకున్నాను. అక్కడ గేజి చదవవలసిన అవసరం కలగలేదు. గేజి పలక కింద, కాలువ అడుగున, ఒక మేక హాయిగా పడుకొని నెమరు వేస్తోంది.

నా ఉద్యోగ విరమణకు ముందటి యాసంగి పంటకాలంలో, జనవరి నెలలో, ఇది నేను ప్రతిరోజూ చూసిన దృశ్యం. కొత్తగా నీటిపారుదల శాఖలో చేరుతున్న ఇంజనీర్లు ఎప్పుడైనా పలకరించి, మీ సర్వీసులో పెద్ద పని ఏదని అడుగుతుంటారు. వంతెనల గురించో పంపుల గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం పాన్‌గల్ మండలంలోని ఈ చిన్న డిస్ట్రిబ్యూటరీ, అంటే పంపిణీ కాలువ గురించే చెబుతాను.

దాని మొదటి ఆరు కిలోమీటర్లలో పద్నాలుగు తూములున్నాయి. అవన్నీ ఒకే ఊరివి. ఆ ఊరిని ఇక్కడ తల ఊరు అంటాను. అక్కడిది నల్లనేల, పంట వరి. కాలువ ఆగిపోయే చోట ఉన్నది చివరి ఊరు. అక్కడిది ఎర్రటి చెల్క, పంట వేరుశెనగ. మా వైపు వాటిని బుడ్డలంటారు. నిబంధన ప్రకారం తల ఊరి వాటా ఇరవై నాలుగు క్యూసెక్కులు. వాళ్ళు వాడుకుంటున్నది దాదాపు యాభై. తూములకు ఒకప్పుడు ఇనుప తలుపులుండేవి. అవి ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. వాటిలో ఒకటి తల ఊరిలో ఒక కోళ్ల గూటికి తలుపుగా అమరి ఉండటం నేను స్వయంగా చూశాను. కొలతలు చక్కగా సరిపోయాయి.

వనపర్తిలోని మా కార్యాలయానికి ప్రతి సోమవారం చివరి ఊరి నుంచి ఒకావిడ వచ్చేది. యాభై ఏళ్లుంటాయి. భర్త, తాను కలిసి మూడెకరాల చెల్క చేసుకుంటారు. మేమందరం ఆమెను అక్క అని పిలిచేవాళ్ళం. వచ్చిన ప్రతిసారీ చేలో నుంచి పీకిన ఒక బుడ్డల చెట్టును వేళ్ళతో సహా నా బల్ల మీద పెట్టేది.

"చూసుకో సారూ. ఊడలు దిగినయి, కాయ పట్టింది. లోపల గింజ లేదు. ఒక్క తడి. ఒక్కటే తడి అడుగుతున్న."

"పైకి ప్రపోజల్ పంపినం అక్కా."

"గా ప్రపోజల్‌నే కాలువల ఇడువుండ్రి సారూ. గదన్న పారుకుంట మా దాంక వస్తదేమో."

ఆమె వెళ్ళాక నేను ఆ చెట్టు ఎత్తు కొలిచి, గత వారం కొలతతో పోల్చి, నమోదు చేసేవాణ్ణి. పది రోజుల్లోగా ఒక తడి అందకపోతే చివరి ఊరిలోని నూట నలభై ఎకరాల్లో కాయ గింజ లేని లొట్టగానే మిగిలిపోతుందని వ్యవసాయ అధికారి తేల్చి చెప్పాడు.

సరిగ్గా ఆ వారంలోనే నాగర్‌కర్నూల్ నుంచి మా పై అధికారిగా కొత్త డిప్యూటీ ఇంజనీరు మేడం బదిలీ మీద వచ్చారు. నాకన్నా పద్నాలుగేళ్లు చిన్న. తల ఊరి పంచాయతీ భవనంలో నేను ఏర్పాటు చేసిన రైతుల సమావేశానికి తానూ వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. ఆ సమావేశం కోసం నేను పంతొమ్మిది పటాలు తయారు చేసుకున్నాను. తూముల వారీగా వాడకం, ఇంకుడు నష్టం, ఎకరాకు నీటి లోతు, అన్నీ నాలుగు రంగుల్లో ఉన్నాయి. గద్వాలలో మగ్గం మీద కొంగు, అంచు కలిపే ఇంట్లో పుట్టినవాణ్ణి. రంగుల విషయంలో నాకు కొంత పట్టింపు ఉంది. పదకొండో పటం దగ్గరికి వచ్చేసరికి ముందు వరుసలో ఇద్దరు నిద్రపోయారు. పదహారో పటం దగ్గర చాయ్ వచ్చింది. దానికి మాత్రం అందరూ లేచారు.

ఆ ఊరి మాజీ సర్పంచు నిండైన మనిషి, తెల్ల బట్టలు, పెద్ద గొంతు. ఊరిలో ఆయన మాటకు తిరుగులేదు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, తీర్పు చెప్పాడు.

"సారు లెక్క మస్తున్నది. తప్పే లేదు. సర్కారు ఇంకో ముప్పై క్యూసెక్కులు ఎక్కువ ఇడిస్తె గా లెక్క బరాబర్ అయితది."

సభ నవ్వులతో ముగిసింది. మా లష్కరు, అంటే కాలువ కాపలా చూసే ఉద్యోగి, పటాలు చుట్టి సంచిలో పెడుతూ నన్ను ఓదార్చాడు. "పరేషాన్ కాకుండ్రి సార్. రంగులైతే మంచిగున్నయి."

తిరుగు దారిలో మేడం జీపులో ఆ పటాలన్నీ తిరగేశారు. తర్వాత అడిగారు. "సార్, మీ పటాలల్ల ఒక్క ప్రశ్నకన్న జవాబున్నదా?"

"అన్నింటికీ ఉంది మేడం."

"అన్నింటికి ఉన్నది. కని అండ్ల ఒక్కటి గూడ వాళ్లు అడగలే. అడగని మనిషికి జవాబు చెప్తే నిద్రనే వస్తది."

జీపును నేరుగా చివరి ఊరికి పోనివ్వమన్నారు. అక్క చేలోనే ఉంది. మేడం గట్టు మీద కూర్చొని, తల ఊరివాళ్లను ఆదివారం మధ్యాహ్నం బుడ్డలు తినడానికి పిలవమని అడిగారు. అక్క చేతిలోని కొడవలి కింద పడేసింది.

"ఏందమ్మా, నా నీళ్లు తాగినోళ్లకు నేను పిలిచి పెట్టాల్నా? మీది నాగర్‌కర్నూలా, ఇంకేదన్ననా?"

"నువ్వు వండి పెట్టకు అక్కా. చేన్ల ఏమున్నదో గదే పెట్టు."

అక్క వంగి కొడవలి తీసుకుంది. లేచేసరికి ఆమె ముఖంలో కోపం పోయి ఒక రకమైన కొంటెతనం కనిపించింది. "సరే. పిలుస్త. మర్యాదగనే పిలుస్త."

ఇక్కడ మా ప్రాంతపు ఆచారం ఒకటి చెప్పాలి. బుడ్డలు కాయ పట్టిన కాలంలో చేనుకు వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపరు. అప్పటికప్పుడు చెట్లు పీకి, ఎండు కంప మంటలో కాయలతో పాటు కాల్చి, వేడి వేడి బుడ్డలు గుడ్డ మీద పోసి పెడతారు. వచ్చేవాళ్ళు బెల్లం తెస్తారు. పిలుపు అందితే పోకపోవడం కయ్యానికి సమానం. కాబట్టి ఆదివారం మధ్యాహ్నం తల ఊరి ట్రాక్టరు, ట్రాలీలో ఇరవై ముగ్గురు పెద్ద మనుషులతో చివరి ఊరికి వచ్చింది. మాజీ సర్పంచు ఒక పూర్తి బెల్లపు ముద్దను కొత్త తువ్వాలులో కట్టి తెచ్చాడు.

అక్క, ఆమె భర్త కలిసి చెట్లు పీకి కుప్ప వేశారు. మామూలుగా ఇరవై ముగ్గురికి కావలసిన దానికన్నా కుప్ప మూడు రెట్లుంది. మంట బాగా లేచింది. కాయలు కమ్మగా వాసన వేశాయి. అందరూ చుట్టూ గొంతుక్కూర్చున్నారు. మాజీ సర్పంచు మొదటి కాయ నొక్కాడు. గాలి. రెండోది నొక్కాడు. గాలి. అయిదోదానిలో ఆవగింజంత గింజ, ముడుచుకొని ఉంది. చుట్టూ చిట్‌పట్ మని చప్పుళ్ళు వినిపిస్తున్నాయి గాని, ఎవరి దవడా ఆడటం లేదు.

మాజీ సర్పంచు నవ్వించబోయాడు. "ఏం చెల్లె, గింజలన్ని నువ్వు తిని పొట్టు మాకు పెట్టినవా?"

"నేను తినలే అన్నా," అంది అక్క, మరో గంపెడు కాయలు ఆయన ముందు మర్యాదగా పోస్తూ. "మీ తూము తిన్నది. ఇంకన్ని పెడ్తనా? చేన్ల మస్తున్నయి."

ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దాయన చేతిలోని బెల్లం ముక్కను నోట్లో పెట్టుకోబోయి, ఆగి, మళ్ళీ తువ్వాలులో పెట్టేశాడు. వాళ్ళందరూ రైతులే. లొట్ట కాయ అంటే ఏమిటో, ఇంకెన్ని రోజులు ఆగితే ఆ చేను చేను కాదో, వాళ్ళకు ఏ పటమూ చూపనక్కరలేదు.

"మేడం, మీరేమన్న మాట్లాడుండ్రి," అన్నాడు మాజీ సర్పంచు చివరకు, తల ఎత్తకుండానే.

మేడం లేచి నిలబడ్డారు. ఆమె మొత్తం ఉపన్యాసం ఇది: "ఈ వారంల ఈ చేన్ల గింజ పడాలె. మనకు అదొక్కటే పని. ఎట్ల చేద్దామో మీరే చెప్పుండ్రి." చెప్పి మళ్ళీ కూర్చున్నారు.

అప్పుడు మొదలైంది అసలు సమావేశం. తూములు మూద్దామని ఒకరు, మూస్తే మన వరి ఏం కావాలని మరొకరు, మూయడానికి తలుపులేవని ఇంకొకరు. "కోళ్ల గూట్లున్నది తెస్త," అని వెనక నుంచి ఎవరో అనగానే పెద్ద నవ్వు లేచింది. ఆ నవ్వుతో సగం బిగువు సడలింది. మాజీ సర్పంచు నావైపు తిరిగాడు.

"సారూ, తూము మూస్తే మా వరి ఎన్ని దినాలు ఆగుతది?"

ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసులో ఒక రైతు నన్ను అంత శ్రద్ధగా ఒక అంకె అడగడం అదే మొదటిసారి. నల్లనేల కాబట్టి, మడిలో రెండంగుళాల నీళ్లు నిలిపి ఉంచుకుంటే అయిదు రోజులకు ఢోకా లేదని చెప్పాను. పుల్లతో నేల మీద కాలువ గీశాను. తల దగ్గర వెడల్పు ఎక్కువ, చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఏడో కిలోమీటరు దాటాక ముప్ఫై క్యూసెక్కులకు మించి మోయలేదు. కాబట్టి ఏడు తూములు మొదటి నాలుగు రోజులు, మిగిలిన ఏడు తర్వాతి నాలుగు రోజులు మూయాలి. ఇరవై మూడు తలలు నేల మీదికి వంగి చూశాయి. ఒక్కరూ నిద్రపోలేదు. పనిని బుధవారం ఉదయం మొదలుపెట్టాలని నిర్ణయించాం.

జీపులో మేడంను అడిగాను. "లొట్ట కాయలతో వాళ్ళు కదులుతారని మీకు ముందే ఎట్లా తెలుసు?"

"ఆమె ప్రతి సోమవారం తెచ్చి పెడ్తనే ఉండె గద సార్. మీరు చెట్టును కొలిచిండ్రు. నేను కాయ కొరికిన."

ఇంతవరకూ కథ బాగానే నడిచింది. మనిషి గుండె కదిలిస్తే చాలు, పని దానంతట అదే జరిగిపోతుందని ఇక్కడితో ఆపి చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళకు బుధవారం సంగతి తెలియదు.

బుధవారం ఉదయం ఆరున్నరకు నేను కాలువ దగ్గరికి చేరేసరికి ఏడు తూములు కాదు, పద్నాలుగూ మూసి ఉన్నాయి. మాజీ సర్పంచు కట్ట మీద నిలబడి నన్ను చూసి రెండు చేతులూ చాచాడు.

"సగం సగం ఎందుకు సారూ? చెల్లెకు మాటిచ్చినంక పూరాగ ఇయ్యాలె. తెల్లారేసరికి అన్ని కట్టేసినం!"

"తలుపులు లేవు కదా, దేనితో కట్టారు?"

"బొంతలతోని! ఇంటికొక్కటి జమ చేసినం."

నిజమే. పాత చీరలు పొరలుగా కుట్టి చేసుకునే బొంతలను చుట్టచుట్టి, తూము నోట్లో కుక్కి, పైన మట్టి అలికారు. చలికాలంలో కప్పుకొనే బొంతను ఇచ్చిన ఆ ఊరి ఆడవాళ్ళ మంచి మనసు గురించి నాకు ఇప్పటికీ గౌరవమే. కాని మట్టి నానింది, ప్రవాహం ఈడ్పుకు కొన్ని బొంతలు తూము నోటి నుంచి ఊడి కాలువలో పడ్డాయి, తెప్పల మాదిరిగా తేలుకుంటూ కిందికి పోయాయి. పదకొండో కిలోమీటరు దగ్గర రోడ్డు కింద రెండు సిమెంటు గొట్టాల గుండా కాలువ దాటుతుంది. బొంతలు అక్కడికి చేరి, ఒకదాని మీద ఒకటి పడి, రెండు గొట్టాల నోళ్లనూ శుభ్రంగా మూసేశాయి. ఒకవైపు సన్నని కాలువలోకి రెట్టింపు నీళ్లు, మరోవైపు దారి మూత. లష్కరు ఫోనులో ఒక్కటే మాట చెప్పాడు. "సార్, నీళ్లు కట్టకు ఇంకో జానెడే ఉన్నయి."

తల దగ్గర గేటు దించమని చెప్పాను. కాని కాలువలో అప్పటికే ఉన్న నీళ్లు గేటు మాట వినవు. అవి పదకొండో కిలోమీటరు చేరి తగ్గడానికి మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలు కట్ట నిలవాలి. కట్ట తెగితే ఆ యాసంగికి చివరి ఊరికి నీళ్లు లేవు. మరమ్మతుకే మూడు వారాలు పడుతుంది.

మేడం, మాజీ సర్పంచు, నేను జీపులో అక్కడికి చేరేసరికి ఎడమ కట్ట కింది నుంచి నీళ్లు చెమర్చినట్లు కారుతున్నాయి. మాజీ సర్పంచు ముఖం పాలిపోయింది. నేను ఆయనకు నేల మీద గీసిన బొమ్మను గుర్తు చేయబోయాను. మేడం నన్ను ఆపారు.

"సార్, తప్పెవరిదో సాయంత్రం మాట్లాడుకుందాం. ఇప్పుడు ఎన్ని సంచులు కావాలె?"

"నాలుగు వందలు. మట్టితో నింపి."

ఆమె మాజీ సర్పంచు దగ్గరికి నడిచారు. "సర్పంచ్ సాబ్, ఒక్క రాత్రిల ఊరు ఊరంత లేపి పద్నాలుగు తూములు కట్టించినరు. ఈ జిల్లాల ఇంకొకరితోని కాదు అది. నాలుగు వందల సంచులు గంటల కావాలె."

ఆ మాటతో మనిషికి ప్రాణం లేచి వచ్చింది. ఫోను తీశాడు. ఇరవై నిమిషాల్లో మూడు ట్రాక్టర్లు, ఎరువుల ఖాళీ సంచులు, పారలు, తల ఊరి సగం జనం. ఆయనే తెల్ల బట్టలతో నడుములోతు నీళ్లలో దిగి గొట్టం నోటి దగ్గర బొంతలకు తాడు బిగించాడు. ట్రాక్టరు మొదటిసారి లాగితే తాడు తెగింది. రెండోసారి లాగితే ట్రాక్టరు ముందు చక్రాలు లేచాయి. మూడోసారి కప్పల గుంపు అరిచినట్లు ఒక చప్పుడుతో బొంతల ముద్ద ఊడి వచ్చి కట్ట మీద పడింది. వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె పని ఆపి ముద్దను పరికించి చూసింది.

"అయ్యో, ఇది మా అత్త బొంత! పాతది ఇయ్యమంటె ఇదిచ్చిండా?" అని భర్త కోసం చుట్టూ చూసింది. ఆ భర్త అప్పటికే అవతలి గట్టు చేరుకున్నాడు.

రెండో గొట్టం ఇంకా మూసే ఉంది. నీళ్లు కట్ట అంచును తాకాయి. అప్పుడే కిందివైపు నుంచి ఒక గుంపు కనిపించింది. నీళ్లు వస్తున్నాయని విని, చివరి ఊరివాళ్ళు డప్పుతో, టెంకాయలతో, పసుపు కుంకుమతో కాలువ వెంట ఎదురు నడిచి వస్తున్నారు. అక్క అందరికన్నా ముందుంది. కట్ట పరిస్థితి చూడగానే పళ్ళెం గట్టున పెట్టి, కొంగు నడుముకు బిగించి, తట్ట అందుకుంది.

"ఏమన్నా, నీళ్లిమ్మంటే సముద్రమే తెచ్చినవా?"

"తిట్టుడు తర్వాత చెల్లె, ముందు మన్ను అందుకో!"

రెండు ఊళ్ళూ ఒకే వరుసలో నిలబడ్డాయి. సంచి చేతులు మారుతూ వచ్చి కట్ట మీద కూర్చుంటోంది. డప్పు కొట్టేవాడికి ఏం చేయాలో తోచక, సంచుల లయకు డప్పు కొట్టాడు. అది ఎంతో పనికొచ్చింది. నేను నీళ్ల అంచు నుంచి కట్ట తల వరకు ప్రతి అయిదు నిమిషాలకూ కొలిచి గట్టిగా చెప్పాను. నాలుగు సెంటీమీటర్లు. మూడు. మూడు. ప్రతి అంకెకూ వరుసంతా స్పందించింది. ఎనిమిదీ యాభైకి రెండో గొట్టం తెరుచుకుంది. తొమ్మిదీ అయిదుకు తొమ్మిది సెంటీమీటర్లన్నాను. అప్పుడు లేచిన ఈలలకు నా చేతిలోని ఫోను జారి కాలువలో పడింది. చివరి ఊరి వైపే ప్రయాణం కట్టింది.

మధ్యాహ్నం మూడూ ఇరవైకి చివరి తూము గేజి మీద ఇరవై ఆరు సెంటీమీటర్లు. అక్క చేలో మొదటి సాలు తడిసింది. తల గేటు మళ్ళీ ఎత్తి, ఏడు తూములు మూసి, ఏడు తెరిచి, ఈసారి బొంతలు లేకుండా చెక్కలతో, నేల మీద గీసినట్లే ఎనిమిది రోజులు నడిపాం.

తరువాత ఆ కాలువ మీద నేను చేసిన పటాల గురించి రైతులు వచ్చి అడిగిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. కొత్తవాళ్ళకు చెప్పగలిగింది ఒకటే. మనుషులు ఒక పనికి లేవాలంటే, ఆ పని ఎవరి కోసమో అది వాళ్ళ చేతికి తగలాలి. లేచాక మాత్రం వాళ్ళ పక్కన కొలబద్ద పట్టుకొని ఒకడుండాలి. లేవనంత వరకు వాణ్ణి ఎవరూ పట్టించుకోరు. లేచాక వాడు లేకుంటే కట్ట నిలవదు.

ఆ బుధవారం జరిగిన నష్టాల జాబితా ఇది. ఖర్చయిన మట్టి సంచులు, మూడు వందల ఎనభై ఆరు. తెగిన తాళ్లు, రెండు. ఫోను, ఒకటి. మాజీ సర్పంచు తెల్ల బట్టలు, ఒక జత. పాడైన బొంతలు, పదకొండు. యజమానులు గుర్తుపట్టినవి ఎనిమిది. ప్రాణనష్టం లేదు. తల ఊరిలో వరి నష్టం లేదు. చివరి ఊరిలో నూట నలభై ఎకరాల్లో నూట ఇరవై తొమ్మిది గింజ పట్టాయి. పదకొండు ఎకరాలు నీళ్లు రాకముందే పూర్తిగా ఎండిపోయాయి. ఆ పదకొండు ఎకరాలు ఆరు కుటుంబాలవి. బుధవారం కట్ట మీద మన్ను మోసినవాళ్ళలో ఆ ఆరు కుటుంబాలూ ఉన్నాయి.